పెద్దల సభలో దుర్గ్ పెద్దాయన

పద్దెనిమిదేళ్లు ఏకధాటిగా రాజ్యసభ, దాదాపు అంతే కాలం కాంగ్రెస్ ఖజానా తాళాలు. మోతీలాల్ వోరా ఓటు ఎటు పడిందో వెతికితే దొరికేది తక్కువ. ఆయన సంతకం ఎక్కడ పడిందో వెతికితే దొరికేది చాలా ఎక్కువ.

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఏదైనా జరిగితే రాయపూర్ అసెంబ్లీలో ఎంత గొంతు చించుకున్నా అసలు జవాబు దొరకదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నది కేంద్రం. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్. ఇప్పటి యజమాని సెయిల్ కూడా కేంద్ర ఉక్కు శాఖ చేతిలోని సంస్థే. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయినా, 2018 అక్టోబర్‌లో గ్యాస్ పైప్‌లైన్ పేలి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినా సంజాయిషీ చెప్పాల్సింది ఢిల్లీయే. క్వార్టర్ల లీజు దగ్గర్నుంచి కాంట్రాక్టు కూలీల భద్రత దాకా అన్నిటికీ అదే దారి. అందుకే ఈ ఊరికి ఎమ్మెల్యే కంటే ఎంపీ అవసరం ఎక్కువ. విశాఖ ఉక్కు కథ తెలిసిన వారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. విశాఖ-రాయపూర్ రైలు మార్గం పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి భిలాయ్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అసలే చెప్పక్కర్లేదు.

భిలాయ్‌కి జంట నగరమైన దుర్గ్ నుంచి ఢిల్లీ వెళ్లి అక్కడే వేళ్లూనుకున్న వారిలో అందరికంటే పెద్ద పేరు వోరాది. ఇంతకీ ఆయన ఇక్కడ పుట్టినవాడు కాదు. రాజస్థాన్‌లోని నాగౌర్ జిల్లా ఆయన జన్మస్థలం. చదువు రాయపూర్, కలకత్తాలలో. చాలా ఏళ్లు పత్రికా విలేకరిగా పనిచేసి, 1968లో సోషలిస్టుగా దుర్గ్ మునిసిపాలిటీలో అడుగుపెట్టారు. 1970లో కాంగ్రెస్‌లో చేరారు. 1972లో దుర్గ్ ఎమ్మెల్యే అయ్యారు. ఉత్తరాదిన కాంగ్రెస్ ఊడ్చిపెట్టుకుపోయిన 1977లో కూడా గెలిచారు. అర్జున్ సింగ్ మంత్రివర్గంలో ఉన్నత విద్య చూశారు. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి అవుతారని దుర్గ్‌లో కూడా ఎవరూ పందెం కాసి ఉండరు.

1985 మార్చిలో అదే జరిగింది. అసెంబ్లీ ఎన్నికల్లో పార్టీని గెలిపించి ప్రమాణ స్వీకారం చేసిన అర్జున్ సింగ్‌ను రాజీవ్ గాంధీ వెంటనే పంజాబ్ గవర్నర్‌గా పంపేశారు. ఖాళీ అయిన కుర్చీలో మార్చి 13న వోరాను కూర్చోబెట్టారు. మంత్రి పదవి దక్కితే చాలనుకున్న వ్యక్తికి ముఖ్యమంత్రిత్వం ఒళ్లో వచ్చి పడిందని భోపాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత మాధవరావు సింధియాతో ఆయన జోడీకి 'మోతీ-మాధవ్ ఎక్స్‌ప్రెస్' అని పేరు పడింది. 1988 ఫిబ్రవరిలో ఆ కుర్చీ వదిలి రాజీవ్ మంత్రివర్గంలో ఆరోగ్యం, పౌర విమానయానం చేపట్టారు. ఏప్రిల్‌లో తొలిసారి రాజ్యసభకు వచ్చారు. చుర్హట్ లాటరీ వివాదంలో అర్జున్ సింగ్ తప్పుకోగానే 1989 జనవరిలో మళ్లీ ముఖ్యమంత్రి. ఆ ఏడాది డిసెంబర్‌లో లోక్‌సభ ఎన్నికల ఓటమి ఆ పదవినీ తీసుకుపోయింది. రమ్మంటే రావడం, పొమ్మంటే పోవడం. వోరా రాజకీయం మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉందని గిట్టనివారు అంటారు. గిట్టేవారు దాన్నే విధేయత అంటారు.

ఒక కాకతాళీయం ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన ముఖ్యమంత్రి కావడానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు, 1985 మార్చి 1న ఫిరాయింపుల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. 52వ రాజ్యాంగ సవరణ, పదో షెడ్యూలు. పార్టీ జారీ చేసిన విప్‌ను ధిక్కరించి ఓటేసినా, ఓటింగ్‌కు రాకపోయినా, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమిస్తే తప్ప సభ్యత్వానికే ముప్పు. అమెరికా సెనేటర్ల గురించి రాసేటప్పుడు అక్కడి పత్రికలు ఏ బిల్లుకు ఎవరు ఎటు ఓటేశారో పట్టికలు వేస్తాయి. సొంత పార్టీని కాదని ఎన్నిసార్లు ఓటేశారో లెక్క కడతాయి. మన దగ్గర ఆ పట్టిక వేస్తే సభ్యుడి మనసు కాదు, పార్టీ కార్యాలయం మనసు కనిపిస్తుంది.

ఆ పట్టిక కూడా సగం ఖాళీ. మామూలు బిల్లులు ఎక్కువగా మూజువాణీ ఓటుతో గట్టెక్కుతాయి. అవుననే వారు అవునని, కాదనే వారు కాదని అరుస్తారు, సభాధ్యక్షుడు విని తేలుస్తారు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ కోరితేనే మీటలు నొక్కడం, పేర్లు రికార్డుకెక్కడం. రాజ్యాంగ సవరణలకు మాత్రం మూడింట రెండొంతుల మెజారిటీ తేలాలి కాబట్టి లెక్క తప్పదు. తమాషా ఏమిటంటే అలాంటి చోట చాలాసార్లు సభంతా ఒకే మాట మీద ఉంటుంది. 2010 మార్చి 9న మహిళా రిజర్వేషన్ బిల్లుకు అనుకూలంగా 186, వ్యతిరేకంగా ఒకటి. 2016 ఆగస్టు 3న జీఎస్టీ సవరణకు 203, వ్యతిరేకంగా సున్నా. పేర్లు నమోదైన చోట అభిప్రాయ భేదం లేదు, అభిప్రాయ భేదం ఉన్న చోట పేర్లు లేవు.

తెలుగువారికి ఇది బాగా తెలిసిన నొప్పి. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభ దాటింది మూజువాణీ ఓటుతోనే. కాంగ్రెస్ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు ప్లకార్డు పట్టుకుని నిలబడ్డారు. కేంద్ర మంత్రిగా ఉంటూనే చిరంజీవి విభజన తీరును తప్పుబట్టారు. ప్రత్యేక హోదాపై మన్మోహన్ సింగ్ హామీ వచ్చింది ఆ రోజే. వోరా అప్పుడు ఆ సభలో కాంగ్రెస్ సభ్యుడు, పార్టీ కోశాధికారి. కానీ ఒక రాష్ట్రాన్ని రెండుగా చేసిన ఆ నిర్ణయంలో ఆయనదే కాదు, ఏ సభ్యుడి ఓటూ పేరుతో సహా ఎక్కడా లేదు.

సొంత రాష్ట్రం పుట్టినప్పుడైతే ఆయన సభలోనే లేరు. ఛత్తీస్‌గఢ్ కోసం 1990లలో అఖిలపక్ష వేదిక నడిపింది దుర్గ్‌కే చెందిన మరో పాత్రికేయుడు, లోక్‌సభకు ఐదుసార్లు గెలిచిన చందూలాల్ చంద్రాకర్. రాష్ట్రం చూడకుండానే 1995లో ఆయన కన్నుమూశారు. వోరా 1998లో రాజ్‌నంద్‌గావ్ నుంచి లోక్‌సభకు గెలిచి, మరుసటి ఏడాదే రమణ్ సింగ్ చేతిలో ఓడిపోయారు. తర్వాత అదే రమణ్ సింగ్ పదిహేనేళ్లు ఛత్తీస్‌గఢ్‌ను ఏలారు. 2000 ఆగస్టులో మధ్యప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు పార్లమెంటు గడప దాటే నాటికి వోరా ఏ సభలోనూ సభ్యుడు కారు.

మరి ఈయన సొంతంగా తీసుకున్న నిర్ణయాలేవీ లేవా? ఉన్నాయి. అవి విప్ చేరలేని చోట ఉన్నాయి.

1993 మేలో ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా లక్నో వెళ్లారు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత విధించిన రాష్ట్రపతి పాలన నడుస్తున్న రోజులవి. ఆ డిసెంబర్‌లో ములాయం సింగ్ యాదవ్, కాన్షీరామ్‌ల కూటమి గద్దెనెక్కింది. 1995 జూన్ మొదట్లో బహుజన్ సమాజ్ పార్టీ మద్దతు లాగేసింది. జూన్ 2న లక్నో ప్రభుత్వ అతిథి గృహంలో మాయావతిపై సమాజ్‌వాదీ మూకలు దాడికి దిగాయి. ములాయం రాజీనామాకు ససేమిరా అన్నారు. మెజారిటీ తేలాల్సింది సభలోనే అని బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఏడాది దాటింది. వోరా ఆ దారిన పోలేదు. మర్నాడు, జూన్ 3న ములాయంను బర్తరఫ్ చేసి, బీజేపీ బయటి మద్దతుతో మాయావతి చేత ప్రమాణం చేయించారు. దేశంలో తొలి దళిత మహిళా ముఖ్యమంత్రి అలా వచ్చారు. రాజ్యాంగం ప్రకారం అది సరైన పద్ధతేనా అన్న వాదన నేటికీ తెగలేదు. అయితే ఆ ఒక్క సంతకం ఉత్తరాది రాజకీయాలను మార్చినంతగా ఆయన పార్లమెంటులో వేసిన ఓట్లన్నీ కలిపినా మార్చలేదు. మెతకమనిషి అని ముద్ర పడ్డ వోరాలో అంత తెగువ ఎక్కడ దాగిందో ఆయన పార్టీ వారికే అంతుపట్టని విషయం.

రెండో సంతకం చెక్కుల మీద. 2000 నుంచి 2018 ఆగస్టులో అహ్మద్ పటేల్‌కు అప్పగించే వరకు ఆయన ఏఐసీసీ కోశాధికారి. సీతారాం కేసరి ఆ పదవిలో ఉన్నప్పుడు లెక్కా పత్రం లేదు, కేసరి చెప్పిందే లెక్క అని పార్టీలోనే నినాదం కట్టారు. వోరా మీద అలాంటిది పుట్టలేదు. ఆయన్ను కోర్టు మెట్లెక్కించింది కూడా పద్దు పుస్తకమే. నెహ్రూ 1938లో స్థాపించిన నేషనల్ హెరాల్డ్ పత్రికను నడిపే అసోసియేటెడ్ జర్నల్స్‌కు కాంగ్రెస్ దాదాపు 90 కోట్ల రూపాయలు అప్పిచ్చింది. ఆ బాకీ 2010 చివర్లో ఏర్పడ్డ యంగ్ ఇండియన్ సంస్థకు 50 లక్షలకు బదిలీ అయింది. అప్పిచ్చిన పార్టీకి కోశాధికారి వోరా. అప్పు తీసుకున్న కంపెనీకి అధ్యక్షుడు వోరా. అప్పు చేజిక్కించుకున్న సంస్థలో 12 శాతం వాటాదారు కూడా వోరాయే. యంగ్ ఇండియన్ లాభాపేక్ష లేని సంస్థ, అందులో ఎవరికీ పైసా రాదు అన్నది కాంగ్రెస్ వాదన. సుబ్రమణ్యన్ స్వామి ఫిర్యాదుపై 2015 డిసెంబర్ 19న సోనియా, రాహుల్‌లతో పాటు వోరా కూడా ఢిల్లీ కోర్టులో బెయిలు తీసుకున్నారు. ఏ తీర్పూ రాకముందే కన్నుమూశారు. 2025 ఏప్రిల్‌లో ఈడీ దాఖలు చేసిన ఫిర్యాదును డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు విచారణకు స్వీకరించలేదు.

ఇన్ని పదవుల మధ్య భిలాయ్‌కి ఏం ఒరిగింది? నిజానికి ఈ ఊరి అసలు ప్రశ్న, అంటే పర్మనెంట్ కార్మికుడికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య ఉన్న అగాధం, కాంగ్రెస్, బీజేపీ నేతల కంటే శంకర్ గుహా నియోగి గొంతులోనే ఎక్కువ వినిపించింది. వోరా ముఖ్యమంత్రి అయిన 1985 ఎన్నికల్లోనే నియోగి ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా నుంచి జనక్‌లాల్ ఠాకూర్ అసెంబ్లీకి వచ్చారు. 1991 సెప్టెంబర్ 28న నియోగిని భిలాయ్‌లోనే కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు రాష్ట్రంలో సుందర్‌లాల్ పట్వా బీజేపీ ప్రభుత్వం. వోరా మార్గం ఇది కాదు. ఆయనది వీధిలో నిలబడే రాజకీయం కాదు, తలుపు తట్టే రాజకీయం. దుర్గ్-భిలాయ్ కాంగ్రెస్ వారికి ఢిల్లీలో తెలిసిన తలుపు ఒకటి ఉండేది. ఆ తలుపు పెద్ద గదిలోకే తెరుచుకునేది.

ఆ తలుపు మూసుకున్న తీరు చూడాలంటే లెక్కల్లోకి పోవాలి. ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీలో 90 స్థానాలు. రెండు రాజ్యసభ సీట్లకు ఎన్నిక జరిగితే గెలవడానికి 31 ఓట్లు చాలు. అందుకే 2008లో, 2014లో రాష్ట్రంలో ప్రతిపక్షంలో ఉండి కూడా కాంగ్రెస్ తన కోశాధికారిని నిక్షేపంగా పంపగలిగింది. ఒకే సీటుంటే 46 కావాలి. 2018లో దుర్గ్ మాజీ మేయర్, భిలాయ్‌లోని వైశాలీనగర్ మాజీ ఎమ్మెల్యే సరోజ్ పాండే 51 ఓట్లతో కాంగ్రెస్ అభ్యర్థి లేఖ్‌రామ్ సాహును ఓడించి బీజేపీ తరఫున వెళ్లారు. రెండేళ్లపాటు రాజ్యసభలో చెరోవైపు ఇద్దరూ దుర్గ్ వాళ్లే.

2020 ఏప్రిల్ 9న వోరా గడువు ముగిసింది. అప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్‌దే రాజ్యం, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌ది దుర్గ్ జిల్లాయే, వోరా కుమారుడు అరుణ్ దుర్గ్ ఎమ్మెల్యే. అయినా ఆయనకు నాలుగో అవకాశం రాలేదు. రెండు సీట్లలో ఒకటి బస్తర్‌కు చెందిన ఫూలోదేవి నేతామ్‌కు, రెండోది ఢిల్లీలో పేరున్న సుప్రీంకోర్టు న్యాయవాది కేటీఎస్ తులసికి దక్కాయి. రాష్ట్రానికి చెందనివారు కూడా ఆ రాష్ట్రం నుంచి రాజ్యసభకు పోటీ చేయవచ్చని 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. ఓటును పార్టీ ఏజెంటుకు చూపించే బహిరంగ పద్ధతి తెచ్చిందీ అదే సవరణ. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ సవరణ వచ్చినప్పుడు ఛత్తీస్‌గఢ్ తరఫున సభలో ఉన్నవారిలో వోరా ఒకరు.

ఆ ఏడాది డిసెంబర్ 21న, 93వ పుట్టినరోజు మర్నాడు, ఆయన ఢిల్లీలో తుదిశ్వాస విడిచారు. అంత్యక్రియలు దుర్గ్‌లో జరిగాయి. 2022లో కాంగ్రెస్ మరో రెండు సీట్లకు ఉత్తరప్రదేశ్ నాయకుడు రాజీవ్ శుక్లాను, బీహార్‌కు చెందిన రంజీత్ రంజన్‌ను పంపింది. 2023లో అరుణ్ వోరా దుర్గ్‌లో ఓడిపోయారు. 2024 ఏప్రిల్‌లో సరోజ్ పాండే గడువు తీరాక బీజేపీ ఆ సీటును రాయగఢ్‌కు చెందిన దేవేంద్ర ప్రతాప్ సింగ్‌కు ఇచ్చింది.