ఉచిత భూమికి మూల్యం

1783లో స్వాతంత్ర్యానికి అధికారిక గుర్తింపు పొందిన నాటికి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు మిసిసిపీ నది పడమటి ఎల్లగా ఉండగా, 1848 నాటికి ఆ దేశం పసిఫిక్ తీరం వరకు విస్తరించింది. 1803లో ఫ్రాన్సుకు కోటిన్నర డాలర్లు చెల్లించి లూసియానా ప్రాంతాన్ని కొనడంతో దేశ వైశాల్యం దాదాపు రెట్టింపయింది. 1846-48 యుద్ధంలో ఓడిన మెక్సికో, కాలిఫోర్నియాతో సహా విశాలమైన భూభాగాన్ని వదులుకుంది. అయితే ఫ్రాన్సు అమ్మిన నేలలో అత్యధిక భాగం ఫ్రాన్సు ఏలుబడిలో ఏనాడూ లేదు. అక్కడ అనేక ఆదివాసీ జాతులు వేటతో, సేద్యంతో తరతరాలుగా జీవిస్తున్నాయి. కాబట్టి ఆ కొనుగోలు వల్ల అమెరికాకు దక్కింది, ఆదివాసుల నుంచి ఆ నేలను తీసుకోవడానికి మరో ఐరోపా రాజ్యం పోటీకి రాదన్న హామీ మాత్రమే.

ఈ విస్తరణ వల్ల సామాన్యులకు కలిగిన మేలు కాదనలేనిది. 1785 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ భూములను ఆరు మైళ్ల చదరాలుగా కొలిపించి, ఒక్కొక్క చదరాన్ని 640 ఎకరాల చొప్పున 36 ఖండాలు చేసి, వాటిలో ఒకదాన్ని పాఠశాల పోషణకు విడిచిపెట్టారు. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్లు నివాసముండి సాగుచేసిన కుటుంబానికి స్వల్ప రుసుముపై 160 ఎకరాలు ఇచ్చింది. కాలక్రమేణా దాదాపు 16 లక్షల మందికి సుమారు 27 కోట్ల ఎకరాలు ఈ విధంగా దక్కగా, వారిలో ఐరోపా నుంచి వలస వచ్చిన పేద రైతులు ఎందరో ఉన్నారు. 1869లో తూర్పు పడమరలను కలుపుతూ రైలుమార్గం పూర్తి కావడంతో, నెలల తరబడి సాగిన ప్రయాణం దాదాపు వారానికి తగ్గి, పశ్చిమ మైదానాల గోధుమలు ప్రపంచ విపణికి చేరాయి. ఆ మార్గపు పడమటి భాగాన్ని ప్రధానంగా నిర్మించినది చైనా శ్రామికులే అయినా, 1882 చట్టం చైనా శ్రామికులకు వలస ద్వారాలను మూసివేసింది.

ఆదివాసులు ‘నాగరికత’కు దూరంగా ఉన్నందునే తొలగించవలసి వచ్చిందన్న వాదనకు చెరోకీ జాతి చరిత్రే సమాధానం. సొంత లిపిని, లిఖిత రాజ్యాంగాన్ని, వార్తాపత్రికను ఏర్పరచుకున్న ఈ జాతిపై జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, 1838లో సైనికులు వారిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. మిసిసిపీకి ఆవలి ప్రాంతానికి తరలించిన సుమారు 16 వేల మందిలో దాదాపు నాలుగు వేల మంది వ్యాధులతో, చలితో, ఆకలితో మరణించారని అంచనా. ఇలా ఖాళీ చేయించిన దక్షిణ భూములలో పత్తి తోటలు వెలిసినందున, దాదాపు పది లక్షల మంది నల్లజాతి బానిసలు కుటుంబాల నుంచి విడిపోయో, యజమానుల వెంటో అక్కడికి తరలవలసి వచ్చింది.

ఉత్తర మైదానాలలో లకోటా తదితర సూ జాతులకు జీవనాధారమైన బైసన్లు, అంటే అడవి దున్నలు, ఒకప్పుడు కోట్లలో ఉండగా, తోళ్ల వ్యాపారం వల్ల 1880ల చివరికి వెయ్యికి అటూఇటుగా మిగిలాయి. 1868 ఒప్పందంలో వారికే శాశ్వతంగా ఇచ్చిన బ్లాక్ హిల్స్ కొండలను, 1874లో బంగారం బయటపడ్డాక, 1877లో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. జాతి ఉమ్మడి భూమిని వ్యక్తిగత కమతాలుగా చీల్చి మిగులును ఇతరులకు అమ్మే వీలు కల్పించిన 1887 నాటి డాస్ చట్టం ఫలితంగా, ఆదివాసుల చేతిలోని భూమి 1934 నాటికి సుమారు 13.8 కోట్ల ఎకరాల నుంచి 4.8 కోట్లకు కుంగిపోయింది.

ఒప్పందాలు ఇన్నిసార్లు ఎందుకు భగ్నమయ్యాయన్న ప్రశ్నకు కొద్దిమంది పాలకుల దురాశ ఒక్కటే జవాబు కాదు. భూమి లక్షల కుటుంబాలకు అందింది, ఆ కుటుంబాల పురుషులకు ఓటు ఉండేది. భూమి కోల్పోయిన ఆదివాసులందరికీ పౌరసత్వమైనా 1924 వరకు దక్కలేదు. లాభాన్ని విస్తృతంగా పంచిన ప్రజాస్వామ్యమే అన్యాయానికి కూడా విస్తృతమైన మద్దతు సమకూర్చింది. 1980లో సుప్రీంకోర్టు బ్లాక్ హిల్స్ స్వాధీనానికి పది కోట్ల డాలర్లకు మించిన పరిహారాన్ని ఖాయం చేసినా, తమకు కావలసింది నేల గాని సొమ్ము కాదంటూ సూ జాతులు దాన్ని నిరాకరించాయి. ఉచితంగా పంచిన భూమికి ధర కట్టే అధికారం, దాన్ని పోగొట్టుకున్నవారికి ఏనాడూ లేకపోవడమే ఈ చరిత్రలోని అసలు అసమానత.