‘బాగానే చూస్తున్నారే’ అంటే నమ్మేయకండి!

ఆమధ్య మా పెద్దమ్మను చూడ్డానికి ఆవిడ ఉంటున్న వృద్ధాశ్రమానికి వెళ్ళాను. “బాగానే చూస్తున్నారే” అంది. కానీ మంచినీళ్ళ చెంబు చూస్తే చేతికందనంత దూరంలో ఉంది. రాత్రిళ్ళు బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళమంటే ఆయా విసుక్కుంటుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తోందట! ఆ వయసులో నీళ్ళు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షను, కళ్ళు తిరిగి పడిపోవడం... ఎన్ని ప్రమాదాలో! “ఎవరితో అనకే, నేనిక్కడే ఉండాలి కదా” అంటూ చెయ్యి పట్టుకుంది.

చాలామంది పెద్దవాళ్ళు ఈ భయంతోనే నోరు విప్పరు. వాళ్ళ తరఫున మనమే మాట్లాడాలి. అయితే ముందు వాళ్ళను ఒప్పించాకే ఆఫీసు గదికి వెళ్ళండి.

ఎప్పుడూ ఆదివారమే కాకుండా భోజనాల వేళకో, చీకటి పడ్డాకో వెళ్ళి చూడండి. పళ్ళెంలో ఏం వడ్డించారు? గోళ్ళు తీస్తున్నారా? పక్కబట్టలు పొడిగా ఉన్నాయా? ఆయాను కసిరి లాభం లేదు, పాపం. రాత్రిపూట ఎంతమందికి ఒక్కతె ఉంటోందో మేనేజర్నే అడగండి. ఫిర్యాదు తేదీ వేసి రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అప్పటికీ వినకపోతే వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన 14567కి ఫోన్ చేయండి. డబ్బులేమీ పడవు.

ఇప్పుడు పెద్దమ్మ మంచం పక్కన స్టూలు మీద చెంబూ, పిలవడానికో గంటా ఉన్నాయి. పక్క మంచం మామ్మగారికీ గంట కావాలట. ఆవిడకెవరూ రారు. ఈ వారం వెళ్ళి అడగాలి.