పెళ్ళిరోజుతో ముగిసిన కచేరీ: తెరెసా మిలనొల్లో వీడ్కోలు, పత్రికల దృష్టి

యూరప్ సంగీత నిఘంటువులలో వయొలిన్ విదుషి తెరెసా మిలనొల్లో (1827–1904) గురించిన వ్యాసం ఎంత చిన్నదైనా అందులో ఒక సమాచారం తప్పక కనిపిస్తుంది. 1857 ఏప్రిల్ 16న ఆమె వీడ్కోలు కచేరీ చేసింది. అదే రోజున సైనిక ఇంజనీరు తెయొదోర్ పార్మాంతియేను వివాహం చేసుకొన్నది. ఈ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో చెప్పి నిఘంటుకర్తలు ముందుకు సాగిపోతారు. పెళ్ళికీ, వేదిక విడిచిపెట్టడానికీ గల సంబంధాన్ని వేరుగా వివరించాలన్న ఆలోచన సాధారణంగా వారికి రాదు. అప్పటికి ఆమె వయస్సు 29 ఏళ్ళు. ఆ తరువాత మరో 47 ఏళ్ళు జీవించింది. ఈ విరమణ అంత సహజమైనదిగా ఎలా కనబడింది? ఆ కచేరీని గురించిన వార్తలు మాత్రమే చదివితే సమాధానం దొరకదు. అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా పత్రికలు ఆమెను ఏ మాటలతో వర్ణిస్తూ వచ్చాయో గమనించాలి.

తెరెసా ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, సవిల్యానో పట్టణంలో జన్మించింది. తండ్రి పట్టు వడికే యంత్రాలు తయారుచేసేవాడు. 1836 నాటికే ఆమె వేదిక ఎక్కింది. పారిస్‌లో లాఫోన్, అబెనెక్ వంటివారి దగ్గర, బ్రస్సెల్స్‌లో బెరియో దగ్గర శిక్షణ పొందింది. చెల్లెలు మరియాకు (1832–1848) తానే వయొలిన్ నేర్పింది. 1841లో పారిస్ కన్సర్వేటరీ కచేరీ సంఘం వేదికపై వాయించింది. 1843లో అక్కాచెల్లెళ్ళ కచేరీలకు వియన్నా పోటెత్తింది.

ఈ కాలంలోనే వారికి రెండు ముద్దుపేర్లు స్థిరపడ్డాయి. విలంబ గతిలో భావగాంభీర్యం చూపే అక్క 'మదమ్వజెల్ అడాజియో'. స్వరాలను విడివిడిగా, చురుకుగా పలికించే చెల్లెలు 'మదమ్వజెల్ స్టకాటో'. పైకి ఇవి కేవలం ముచ్చటైన పేర్లే. కాని వీటి పని మరొకటి. వాదనా నైపుణ్యానికి సంబంధించిన పారిభాషిక పదాలు ఇక్కడ ఇద్దరు బాలికల స్వభావాలకు గుర్తులయ్యాయి. కమాను ప్రయోగం గురించి చెప్పవలసిన విమర్శకుడు దీనితో గుణశీలాల వర్ణనకు మళ్ళడం సులువైంది. ఏళ్ళ తరబడి చేసిన సాధన వెనక్కి జరిగి, పుట్టుకతో వచ్చిన స్వభావం ముందుకు వచ్చింది.

ఈ ధోరణికి ఆనాటి సామాజిక నేపథ్యం ఉంది. గౌరవ కుటుంబాల ఆడపిల్లలకు పియానో, హార్ప్ తగినవని భావించేవారు. వయొలిన్ అలా కాదు. గడ్డం కింద వాద్యాన్ని నొక్కిపట్టడం, మెడ వంచడం, కుడి చేతిని బలంగా కదిలించడం స్త్రీలకు శోభనివ్వవనే అభిప్రాయం ప్రబలంగా ఉండేది. పైగా పగనీని చుట్టూ అల్లుకొన్న సైతాను కథల నీడ కూడా ఆ వాద్యం మీద పడింది. వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామినాయుడు స్ఫురించే తెలుగు పాఠకునికి ఈ అభ్యంతరం వింతగా తోచవచ్చు. బాలిక వాయిస్తే ఈ నిషేధం కొంత సడలేది, ఎందుకంటే ఆమెను దేవదూతగానో అద్భుత శిశువుగానో చూడవచ్చు. అదే స్త్రీ పెద్దదయ్యాక ఏమనాలి? పత్రికల దగ్గర అందుకు సిద్ధంగా మాట లేదు.

1848 అక్టోబరులో మరియా క్షయవ్యాధితో పారిస్‌లో మరణించింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్ళు. కొంతకాలం వేదికకు దూరంగా ఉన్న తెరెసా తిరిగి వచ్చి, లియోన్‌లో 'పేదల కచేరీలు' అనే పద్ధతిని నెలకొల్పింది. మొదటి కచేరీ డబ్బు పెట్టగలవారికి, రెండవది పేదలకు. మొదటిదాని ఆదాయాన్ని రెండవదానికి వచ్చిన పేదలకు పంచేవారు. ఇతర నగరాల్లోనూ ఇదే పద్ధతిని అనుసరించింది. దీనిని కరుణగా కొనియాడడంలో తప్పు లేదు. అయితే ఇందులో ఉన్న కార్యనిర్వహణ సామర్థ్యం కూడా గుర్తింపు పొందవలసినదే. సభామందిరం, టిక్కెట్లు, పంపిణీ అన్నీ కుదిరితేనే ఇది సాధ్యం. దాత్రి అన్న కొత్త పాత్ర ఆ మాటల కొరతను తీర్చింది. కాని దాతృత్వం వృత్తి కాదు. వృత్తి అని ఎన్నడూ పిలవని దానిని విడిచిపెట్టినప్పుడు నష్టం గురించి ప్రశ్నించవలసిన అవసరం ఎవరికీ కలగదు. 1857 నాటి వీడ్కోలు అంత సాఫీగా సాగడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

పురుష విద్వాంసుల విషయంలో కథనం వేరు. 1878లో బెర్లిన్ కచేరీ మధ్యలో వీనియావ్‌స్కీ అస్వస్థుడై ఆగిపోగా, శ్రోతలలో ఉన్న యోవాఖిమ్ వేదికెక్కి బాఖ్ 'షకోన్' వాయించిన సంఘటన నేటికీ చెప్పుకొంటారు. అక్కడ విరమణ ఒక విషాదం. వీనియావ్‌స్కీ వివాహితుడు, అతని కచేరీలకు పెళ్ళి ముగింపు కాలేదు. మరోవైపు 1864లో వివాహమైన విల్మా నెరూదా 1869 నుండి లండన్ వేదికలపై వెలుగొందింది, పురుషులున్న చతుష్టయాలకు నాయకత్వం వహించింది. అంటే ఒక్క తరంలోనే పరిస్థితి మారడం మొదలైంది. కనుక తెరెసా నిర్ణయాన్ని 'ఆ కాలం అంతే' అని తేల్చివేయలేము. ఆమె సొంత ఇష్టం ఎంత అన్నది తోసిపుచ్చరాని ప్రశ్న. భర్త కూడా సంగీతజ్ఞుడే.

పరిశోధకులకు ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పారిస్‌లోని 'రెవ్యూ ఎ గజెత్ మ్యూజికాల్' వంటి పత్రిక సంగీత ప్రచురణకర్తల చేతిలో ఉండేది. అందులోని ప్రశంసకూ ప్రచురణ వ్యాపారానికీ మధ్య గీత గీయడం కష్టం. దినపత్రికల్లో పుట అడుగున వచ్చే 'ఫొయితోన్' శీర్షిక వినోదం కోసం ఉద్దేశించినది. అక్కడ వాక్చాతుర్యానికే విలువ ఎక్కువ. అందువల్ల సమీక్షను కచేరీకి నమోదుగా తీసుకొనే ముందు కార్యక్రమ పత్రం, ప్రకటన, టిక్కెట్టు ధర పక్కన పెట్టి చదవాలి.

నిజానికి 1857 తరువాత ఆమె పూర్తిగా మౌనం వహించలేదు. ధర్మకార్యాల కోసం అప్పుడప్పుడు వాయించింది. ఆమె స్వరపరచిన 'ఫాంతెజీ ఎలెజియాక్' ఉంది. ఆమె పేరుతో పిలిచే 1728 నాటి స్ట్రాడివారి వయొలిన్ నేడూ కచేరీల్లో వినిపిస్తున్నది. నిఘంటువులలోని ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయిన పాఠకులు ఈ తరువాతి 47 ఏళ్ళను చూడరు. స్థానిక పత్రికలు, కుటుంబ లేఖలు ఆధారంగా ఆ భాగం ఇంకా రాయవలసి ఉంది.