130 లీటర్ల డిక్కీ, రెండు సీట్లు, ఒక నాన్న: మియాటాలో ఆల్ప్స్ దాటడానికి ఏం సర్దాను, ఏం వదిలేశాను

మ్యూనిక్‌లో మా బిల్డింగ్ కింద పార్కింగ్‌లో నాన్న నా కారు డిక్కీ మూత ఎత్తి, లోపలికి ఒకసారి తొంగి చూసి, "ఇందులో నీ సామాను పెడదామా, నాది పెడదామా?" అని అడిగారు. జోక్ కాదు, నిజంగానే అడిగారు.

కారు 2016 మోడల్ మజ్దా ఎంఎక్స్-5. మన కార్ల పిచ్చోళ్లందరికీ మియాటా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1.5 లీటర్ ఇంజిన్, 131 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవ్, చేత్తో తీసి మడతపెట్టే గుడ్డ టాప్. డిక్కీ మాత్రం 130 లీటర్లు. మంచి విషయం ఏంటంటే టాప్ సీట్ల వెనక మడతపడుతుంది కాబట్టి తెరిచినా మూసినా ఆ 130 లీటర్లలో ఒక్కటీ తగ్గదు. చెడ్డ విషయం, ప్యాసింజర్ ముందు గ్లోవ్ బాక్సే లేదు. సీట్ల మధ్యలో వెనకగా తాళం వేసుకునే చిన్న పెట్టె ఒకటుంది, అంతే.

నాన్న తిరుపతిలో ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైర్ అయ్యారు. కొండ ఎక్కించి దించడమే ఏళ్ల తరబడి ఆయన ఉద్యోగం. గత సెప్టెంబర్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు కోటలు, మ్యూజియంలు ఏవీ వద్దన్నారు. "నువ్వు పంపిన వీడియోలో ఆ ఘాట్ రోడ్డు ఉందే, అది చూపించు" అన్నారు. అది ఇటలీలోని స్టెల్వియో పాస్. ఎత్తు 2,757 మీటర్లు, ప్రాడ్ ఊరి వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు. మ్యూనిక్ నుంచి 300 కిలోమీటర్ల లోపే, కాకపోతే మధ్యలో ఆస్ట్రియా దాటాలి, తిరిగొచ్చేటప్పుడు కాస్త స్విట్జర్లాండ్ తగులుతుంది. రెండు రోజుల ట్రిప్, మూడు దేశాలు.

సామాను సంగతి

మొదటి రోజు రాత్రి మంచం మీద నేను పరిచిన లిస్ట్ చెబితే నవ్వుతారు. డ్రోన్, గింబల్, యాక్షన్ కెమెరా, ల్యాప్‌టాప్, 65 వాట్ల ఛార్జర్, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, డాష్‌క్యామ్, ఓబీడీ డాంగిల్, బ్యాటరీతో నడిచే టైర్ ఇన్‌ఫ్లేటర్. పక్కనే నాన్న సామాను: ఒక చక్రాల సూట్‌కేస్, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్, స్టీల్ క్యారియర్, ఆవకాయ సీసా. (యూరప్ బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు కాబట్టి ఆవకాయ ఒక్కటే కస్టమ్స్ దాటింది. అమ్మ దాన్ని మూడు కవర్లలో కట్టింది, అది నా కారు సీట్ల అదృష్టం.)

సూట్‌కేస్ ముందే ఔట్. మియాటా డిక్కీ మూత చిన్నది, లోపల అడుగు కూడా సమంగా ఉండదు. చక్రాలు, హ్యాండిల్ ఉన్న గట్టి పెట్టెలు ఎటు తిప్పినా మూల ఒకటి అడ్డం వస్తుంది. మెత్తటి డఫెల్ బ్యాగులు రెండు కొని బట్టలు అందులోకి మార్చాం. మెత్తటి బ్యాగు అయితే మూలల్లోకి కూడా సర్దుకుంటుంది. క్యాన్ బదులు రెండు లీటర్ సీసాలు. క్యారియర్ విషయంలో మాత్రం నేను ఓడిపోయాను. మలుపు మలుపుకీ అది గలగలలాడింది, అయినా మధ్యాహ్నం దాంట్లోని పులిహోర తిన్నది నేనే.

నా వైపు నుంచి డ్రోన్ పోయింది. స్టెల్వియో చుట్టూ ఉన్నది నేషనల్ పార్క్, అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. డాష్‌క్యామ్ కూడా పోయింది. మనం రోడ్డంతా రికార్డ్ చేసుకుంటూ తిరగడాన్ని ఆస్ట్రియా డేటా చట్టం ఒప్పుకోదు. ఇండియాలో దాన్ని తప్పనిసరి గ్యాడ్జెట్ అని నేనే నలుగురికి చెప్పేవాణ్ణి, ఇక్కడ అదే జరిమానా తెచ్చిపెడుతుంది. స్పీడ్ కెమెరా ముందుంది అని హెచ్చరించే యాప్‌లూ అంతే. జర్మనీలో డ్రైవర్ నడుపుతూ వాడకూడదు, స్విట్జర్లాండ్‌లో ఇంకా కఠినం. బయల్దేరే ముందే తీసేశాను. ల్యాప్‌టాప్ ఎందుకు పరిచానో నాకే తెలియదు, సాఫ్ట్‌వేర్ వాడి చెయ్యి ఊరుకోదు.

ఓబీడీ డాంగిల్ దగ్గర చిన్న వాదన జరిగింది. ఇంజిన్ కూలంట్ ఎంత వేడెక్కిందో ఫోన్‌లో లైవ్‌గా కనిపిస్తుంది నాన్నా అన్నాను. "అది చూస్తూ కూర్చుంటే మలుపు ఎవరు చూస్తారు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు, డాంగిల్ ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక తప్పనిసరి సామాను. హెచ్చరిక ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ కిట్, మెరిసే జాకెట్లు. చట్టం ఒక్కో దేశానిది ఒక్కోలా ఉన్నా, ఈ మూడూ ఉంటే ఈ రూట్‌లో ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మెరిసే జాకెట్ డిక్కీలో బ్యాగుల కింద పెడితే దండగ. అది వేసుకున్నాకే రోడ్డు మీద కారు దిగాలి, కాబట్టి చెయ్యి అందే చోట ఉండాలి. మనిషికొకటి చొప్పున రెండూ సీట్ల వెనక పెట్టాను.

కాగితాలు, టోల్, రోమింగ్

ఇది బోరింగే కానీ డబ్బులు పోయేది ఇక్కడే. ఇమ్‌స్ట్ నుంచి లాండెక్ దాకా హైవే ఎక్కుతాం కాబట్టి ఆస్ట్రియా విగ్నెట్ కావాలి. డిజిటల్‌ది నంబర్ ప్లేట్‌కి లింక్ అవుతుంది, అద్దానికి స్టిక్కర్ అక్కర్లేదు. అధికారికంగా అమ్మేది అస్ఫినాగ్. సెర్చ్‌లో పైన కనిపించే వాటిలో అదే విగ్నెట్‌ని ఎక్కువ రేటుకి అమ్మే మధ్యవర్తుల సైట్లు ఉంటాయి, అడ్రస్ చూసి కొనండి. స్విట్జర్లాండ్ ఈ-విగ్నెట్ 2023 ఆగస్టు నుంచి ఉంది, 40 ఫ్రాంకులు, ఏడాదికే తప్ప తక్కువ రోజులకి ఇవ్వరు. మేము ఉమ్‌బ్రైల్ పాస్ మీదుగా మామూలు రోడ్ల మీదే వెళ్లాం, స్విస్ హైవే తొక్కలేదు. అందుకని కొనలేదు.

యూరోపియన్ యూనియన్‌లో 2017 నుంచి రోమింగ్‌కి అదనపు ఛార్జీ లేదు కదా అని డేటా ఆన్‌లో వదిలేస్తాం. స్విట్జర్లాండ్ అందులో లేదు. మీ ప్లాన్‌లో కలిపి ఉందో లేదో చూసుకోండి. కొండ మీద సరిహద్దు దాటకముందే ఫోన్ అవతలి టవర్‌ని పట్టుకోవచ్చు. నేను పైకి చేరగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాను.

డిజిలాకర్ చూపించి బయటపడటం ఇక్కడ కుదరదు. కారు రిజిస్ట్రేషన్ అసలు కాగితం, లైసెన్స్, నాన్న పాస్‌పోర్ట్, ఆయన ట్రావెల్ ఇన్సూరెన్స్, బీపీ మాత్రల స్ట్రిప్‌తో పాటు డాక్టర్ చీటీ, అన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి సీట్ల మధ్య పెట్టెలో పెట్టాను.

కారుకి చేయించింది

మియాటాలో స్టెప్నీ లేదు. దాని బదులు సీలెంట్ సీసా, చిన్న కంప్రెసర్ ఇస్తారు. ఎప్పుడూ తీసి చూడని ఆ సీసాని ఈసారి చూస్తే, దాని మీద గడువు తేదీ దాటి ఏడాదిన్నర అయింది! మీ కారులో ఇలాంటి కిట్ ఉంటే ఇది చదవడం ఆపి వెళ్లి తేదీ చూసి రండి. కొత్తది కొన్నాను. సీలెంట్ మేకు గుచ్చిన చిన్న చిల్లుకే పనికొస్తుంది, టైరు పక్క గోడ కోసుకుపోతే లాభం లేదు. అందుకని ఏడీఏసీ సభ్యత్వాన్ని యూరప్ అంతటా వర్తించే ప్లస్‌కి మార్చుకున్నాను. నా ఇన్‌ఫ్లేటర్ మాత్రం లిస్ట్‌లో నిలబడింది. బయల్దేరే ముందు చల్లటి టైర్లలో గాలి చూడటానికి దానికంటే సుఖమైన వస్తువు లేదు, నాన్న కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది బాగుందిరా" అన్నారు. ఈ మొత్తం లిస్ట్‌లో ఆయన మెచ్చిన ఏకైక గ్యాడ్జెట్ అదే.

అన్నిటికంటే ముఖ్యం బ్రేక్ ఫ్లూయిడ్. అది గాల్లోంచి తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకి పడిపోతుంది. పొడుగాటి దిగుడులో బ్రేక్ తొక్కుతూనే ఉంటే ఆ వేడికి ఫ్లూయిడ్ మరిగి, పైపులో ఆవిరి బుడగలు చేరతాయి. అప్పుడు పెడల్ స్పాంజ్‌లా లోపలికి దిగుతుంది గానీ కారు ఆగదు. నేను వాయిదా వేద్దామనుకున్నాను. ఎప్పుడు మార్పించావు అని నాన్న అడిగితే, కొన్నాక మార్పించనే లేదని అప్పుడు వెలిగింది. మర్నాడే మార్పించాం.

ఫోన్ చేతులెత్తేసిన చోటు

ఫెర్న్ పాస్, లాండెక్, రెషెన్ దాకా అంతా సాఫీగా సాగింది. రెషెన్ చెరువు దగ్గర ఆగాం. నీళ్ల మధ్యలోంచి పాత చర్చి గంట స్తంభం ఒక్కటే పైకి కనిపిస్తుంది, 1950లో డ్యామ్ కోసం కింద ఊరిని ముంచేశారు. నాన్న చాలాసేపు చూసి "శ్రీశైలం ముంపులో మనోళ్లకీ ఇంతే" అని, ఇక మాట్లాడలేదు.

అక్కడి నుంచి టాప్ తెరిచి బయల్దేరాం. మధ్యాహ్నం, దక్షిణం వైపు ప్రయాణం, ఎండ నేరుగా డాష్‌బోర్డ్ మీద. ఫోన్ వైర్‌లెస్ ఛార్జింగ్ మౌంట్ మీద ఉంది, ఫుల్ బ్రైట్‌నెస్, నావిగేషన్ ఆన్. ముందు ఛార్జింగ్ ఆగింది, తర్వాత స్క్రీన్ మసకబారింది, మాల్స్ దాటాక టెంపరేచర్ హెచ్చరిక వచ్చి మొత్తం పోయింది. బయట మహా అయితే 26 డిగ్రీలు. తప్పు నాదే. వైర్‌లెస్ ఛార్జింగ్ వేడి ఒకటి, స్క్రీన్ వేడి ఒకటి, పైన ఎండ. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేశానని గొప్పగా ఉన్నాను, కానీ అది ఆ ఫోన్‌లోనే ఉంది. నాన్న ఫోన్‌లో మ్యాప్ వెయ్యనే లేదు.

స్పోండినిగ్ దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి వైపు ప్రాడ్, స్టెల్వియో. ఎడమ వైపు మెరానో. నేను ధీమాగా ఎడమకి తిప్పాను. కొద్దిసేపటికి నాన్న జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి "ఒరే, లాస్ అని బోర్డు వచ్చింది. నా లిస్ట్‌లో లాస్ లేదే?" అన్నారు. ముందు రాత్రి నేను చెప్పిన ఊళ్ల పేర్లన్నీ వరసగా తెలుగులో రాసుకున్నారట: రెషెన్, మాల్స్, శ్లుడెర్న్స్, స్పోండినిగ్, ప్రాడ్, ట్రఫోయ్. కొత్త రూట్ ఎక్కేటప్పుడు స్టేజీలు రాసుకునే అలవాటు. వెనక్కి తిరిగాం.

అప్పటి నుంచి ఫోన్‌ని గుండ్రటి ఏసీ వెంట్ ముందుకి మార్చి, కేబుల్‌తో మాత్రమే ఛార్జ్ చేస్తున్నాను. ఏసీ గాలి వెనక నుంచి తగులుతుంటే మళ్లీ ఆ సమస్య రాలేదు. వేడెక్కిన ఫోన్‌ని చల్లటి నీళ్ల సీసాకి ఆనించే తెలివి మాత్రం చూపించకండి, లోపల తేమ పడుతుంది.

48 మలుపుల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో ఆర్టికల్ అవుతుంది. రోడ్డు 1825లో పూర్తయింది, మలుపుకో నంబర్ రాయి ఉంటుంది. నాన్న ఆ రాళ్లని లెక్కపెడుతూ కూర్చున్నారు. పైన చలి గట్టిగా ఉంది, జాకెట్లేమో డిక్కీలో అడుగున! రెండు బ్యాగులూ రోడ్డు పక్కన దించి తీయాల్సి వచ్చింది. ఈ ట్రిప్‌లో సర్దడంలో నేను చేసిన అసలు తప్పు ఇది.

దిగేటప్పుడు ఉమ్‌బ్రైల్ వైపు ఒక చోట నేను మూడో గేర్‌లో వేసి బ్రేక్ మీద కాలు ఉంచేశాను. నాన్న ఏమీ అనలేదు, చెయ్యి చాచి గేర్ రాడ్ మీద వేలితో రెండుసార్లు తట్టారు. రెండో గేర్‌కి దించాను. ఇంజినే కారుని పట్టి ఉంచింది, బ్రేక్ మలుపుల ముందు మాత్రమే అవసరమైంది. కింద శాంటా మరియా ఊళ్లో ఆగినప్పుడు మా పక్కన ఆగిన ఒక పెద్ద కారు చక్రాల నుంచి బ్రేక్ ప్యాడ్ల మాడు వాసన వస్తోంది. నాన్న మా చక్రాల దగ్గర వంగి వాసన చూసి, లేచి, టీ ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

నోట్‌బుక్ ఆయనతో పాటే ఇండియా వెళ్లిపోయింది. ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపమన్నాను. ప్రింట్ తీసి జిప్ కవర్‌లో, రిజిస్ట్రేషన్ కాగితం పక్కన పెట్టాను.