నెల తప్పినది, పరీక్ష కాదన్నది

మన యిండ్లలో నెల తప్పిన వార్త దాగునది కాదు. కోడలు రెండు పూటలు అన్నము ముట్టకున్నను, ప్రొద్దుననే లేచి దొడ్డిలో వాంతి చేసికొన్నను, పెద్దలు వ్రేళ్లమీద లెక్కలు కట్టుదురు. పుట్టింటికి కబురు పోవును. చలిమిడి యే నెలలో పెట్టవలెనను మాట బయలుదేరును. పేరంటమునకు వచ్చినవారు నోట నడుగకున్నను చూపుతో నడుగుదురు. ఇంతలో మందులంగడినుండి తెచ్చిన పరీక్షపట్టీమీద రెండవ గీత కానరాదు. లక్షణము లున్నవి, పరీక్ష లేదనుచున్నది. దేనిని నమ్మవలెను?

ఈ సంకటము పడిన సోదరీమణులు మనలో ననేకులు కలరు. సిగ్గుచేత నొకరితో నొకరు చెప్పుకొనకపోవుటవలన ప్రతివారును తమ కొక్కరికే యిట్లు జరిగినదని లోలోపల కుమిలిపోవుచుందురు. కావున నీ నెల యీ విషయమును గూర్చి కొంత విపులముగా వ్రాయదలంచితిమి.

మొదట ఆ పట్టీ దేనిని పట్టి చూచునో తెలిసికొందము. అండము ఫలించిన పిమ్మట గర్భాశయమును చేరి, దాని గోడలో నాటుకొనుటకు సాధారణముగా అండము విడుదలయైన నాటినుండి 6 మొదలు 12 దినములు పట్టును. నాటుకొన్న తరువాతనే, ముందు ముందు మాయగా నేర్పడు కణములు హెచ్.సి.జి. అను హార్మోనును పుట్టించును. అది రక్తములో కలిసి, అక్కడనుండి మూత్రములోనికి వచ్చును. తొలి వారములలో దాని పరిమాణము రెండు మూడు దినముల కొకసారి యించుమించు రెట్టింపగుచుండును. అంగడిలో దొరకు పట్టీలలో పెక్కింటికి, మిల్లీలీటరు మూత్రములో నీ హార్మోను 20 లేక 25 మిల్లీ యూనిట్లయిన నుండినగాని గీత తేలదు. అంతకు తక్కువ యున్నచో గర్భమున్నను పట్టీ లేదనియే చెప్పును.

ఈ తెలివి మానవజాతికి తేరగా వచ్చినది కాదు. స్త్రీ మూత్రముతో గోధుమలను యవలను తడిపి, మొలకెత్తినచో గర్భమని యెంచు పద్ధతి మూడువేల యేండ్లకు పూర్వమే ఐగుప్తు దేశమున నుండెను. 1963లో దానిని ప్రయోగించి చూడగా, గర్భవతుల విషయమున నూటికి 70 పర్యాయములు గింజలు మొలకెత్తినవట. 1920ల చివర బెర్లిను నగరమున ఆష్హైము, జోన్డెకు అను వైద్యులు మూత్రమును చిట్టెలుకలకు ఎక్కించి పరీక్షించిరి. తరువాత కొన్ని దశాబ్దములు దక్షిణాఫ్రికా కప్పలు ఆ పని చేసినవి. 1960లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రాణుల యవసరము లేని పరీక్షను కనుగొనిరి. ఇప్పు డా పరీక్ష మన స్నానపుగదిలోనికి వచ్చినది. మన గ్రామములలో ఆశా కార్యకర్తల ద్వారమునను ‘నిశ్చయ్’ అను పేరుగల పట్టీలు లభించుచున్నవి. పనిముట్టు సులభమైనకొలది దానిని వాడు తీరు తెలిసికొనుట మరింత యవసరము.

గర్భ ముండియు పట్టీ లేదనుటకు ముఖ్యమైన కారణము తొందరపాటు. నెల తప్పుటకు ముందుగనే పరీక్షించినచో హార్మోను చాలియుండదు. కొందరికి అండము ఆలస్యముగా విడుదలయగును. అట్టివారు నెల తప్పి వారమైనదనుకొన్నను, నిజమునకు గర్భము పిన్నదై యుండవచ్చును. చెంబెడు నీళ్లు త్రాగి పరీక్షించినచో మూత్రము పలుచనై హార్మోను పలుచబడును. గడువు దాటిన పట్టీ పనికిరాదు. పెట్టెమీద వ్రాసిన నిమిషములకు ముందుగా చూచినను, చాల సేపటికి చూచినను ఫలము నమ్మదగినది కాదు. కావున వేకువను మొదటిసారి వచ్చు మూత్రముతో పరీక్షింపుడు. లేదని వచ్చి, ముట్టును రానిచో, వారము దినములకు మరల పరీక్షింపుడు. అప్పటికిని సందేహము తీరనియెడల వైద్యురాలిచే రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆ పరీక్ష హార్మోను ఉన్నదా లేదాయనుటయేగాక యెంత యున్నదో కూడ చెప్పును.

అరుదుగా నింకొక విచిత్రము జరుగును. హార్మోను మితిమీరి యున్నప్పుడును పట్టీ తడబడి లేదని చెప్పవచ్చును. మాయ సరిగా నేర్పడక ద్రాక్షగుత్తివంటి బుడగలతో గర్భాశయము నిండు ‘ముత్యాల గర్భము’న ఇట్లగుట కలదు. విపరీతమైన వాంతులు, రక్తస్రావము, నెలలకు మించిన పొట్ట యున్నచో పట్టీని నమ్ముకొని యింట కూర్చుండరాదు, స్కానింగు తప్పదు.

ఇక్కడ నొక ప్రమాదమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. పిండము గర్భాశయమున గాక అండవాహిక నాళములో నాటుకొన్నప్పుడు హార్మోను మెల్లగా పెరుగును. పట్టీ సాధారణముగా నుందనియే చెప్పును. కాని మిక్కిలి యరుదుగా లేదనియు చెప్పవచ్చును. నెల తప్పినదానికి పొత్తికడుపులో నొకవైపున కోతవంటి నొప్పి, కొద్దికొద్దిగా రక్తము, భుజము కొనను నొప్పి, కండ్లు తిరిగి పడిపోవుట – వీనిలో నేది కనబడినను నాళము పగిలి లోపల రక్తము కారుచుండవచ్చును. అట్టి సమయమున శొంఠికషాయములతో కాలము గడపుట ప్రాణముతో చెలగాటము. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను. పట్టీమీది గీత లేకపోవుట యీ ప్రయాణము నాపుటకు కారణము కారాదు.

ఇక గర్భము నిజముగా లేకయే లక్షణములు కనబడుటయు సామాన్యమే. ప్రతి నెలయు అండము విడుదలయైన పిదప ప్రొజెస్టెరాను అను హార్మోను హెచ్చును. దానివలన రొమ్ములు బరువెక్కుట, కడుపుబ్బరము, అలసట, చిరాకు కలుగును. గర్భము తొలిదినములలో నుండునదియు నదే హార్మోను గనుక రెండింటి లక్షణములును నొక్కటే. ఆశతో నెదురుచూచు స్త్రీ ప్రతి నెలయు నీ లక్షణములను గర్భచిహ్నములుగా నెంచుకొనుటలో వింత యేమున్నది?

ముట్టు నిలిచిపోవుటకు వేరు కారణములును గలవు. థైరాయిడు గ్రంథి మందగించినచో ముట్టు తప్పుటయు, ఒళ్లు బరువెక్కుటయు, నీరసమును గలుగును. మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిను అను హార్మోను నధికముగా విడుచునప్పుడు ముట్టు నిలిచి, గర్భము లేకయే రొమ్ములనుండి పాలు కారవచ్చును. మనోవ్యాధులకును, వాంతులకును వాడు కొన్ని మందులవలనను ఇట్లు జరుగును. అండకోశములలో నీటిబుడగలవంటివి యేర్పడు పీసీఓఎస్, అకస్మాత్తుగా బరువు పెరుగుట గాని తగ్గుట గాని, తీవ్రమైన మనోవేదన, బిడ్డకు పాలిచ్చుట, నలువది దాటిన వయస్సు – ఇవి యన్నియు నెలలెక్కను తారుమారు చేయును. గర్భాశయములో గడ్డలు, అండకోశమున కంతులు, కడుపులో నీరు చేరుట పొట్టను పెంచును. మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట మూత్రకోశమున చీము పట్టుటవలనను గావచ్చును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. పరీక్ష లేదన్నంతనే ‘ఏమియు లేదు’ అని విడిచిపెట్టినచో ఆ చికిత్స దక్కకపోవును.

వీని యన్నింటికంటె హృదయమును కలచునది భ్రాంతిగర్భము. స్త్రీకి తాను గర్భవతినను దృఢవిశ్వాసముండును, ముట్టు నిలుచును, వేవిళ్లు పట్టును, పొట్ట పెరుగును, లోపల బిడ్డ కదలినట్లే తోచును, ఒక్కొక్కప్పుడు నొప్పులును వచ్చును. బిడ్డ మాత్రముండదు. ఇంగ్లాండు రాణి మేరీ కథ యిందుకు చరిత్రలో ప్రసిద్ధమైన యుదాహరణము. 1554 జూలైలో, 38వ యేట, ఆమె స్పెయిను యువరాజగు ఫిలిప్పును పెండ్లాడెను. కొలది నెలలలోనే ముట్టు నిలిచెను, వికారము పుట్టెను, పొట్ట యెత్తెను. వైద్యులు గర్భమనిరి. ఆ నవంబరులో దేవాలయములలో కృతజ్ఞతాప్రార్థనలు జరిగినవి. 1555 ఏప్రిలున ప్రసవమునకై రాణి హాంప్టను కోర్టు సౌధమున ప్రవేశించెను. శిశుజననమును తెలుపు లేఖలను ముందుగనే వ్రాయించి తేదీకి మాత్రము చోటు విడిచియుంచిరి. ఏప్రిలు 30న కుమారుడు కలిగెనను వదంతి పుట్టి లండను నగరమున గంటలు మ్రోగెను. మే గడచెను, జూను గడచెను, జూలై గడచెను. ఆగస్టు తొలిదినములలో రాణి యే ప్రకటనయు లేక ఆ సౌధమును విడిచి వెళ్లెను. మూడేండ్లకు మరల నదే యాశ, మరల నదే నిరాశ. 1558 నవంబరు 17న ఆమె సంతానము లేకయే మరణించెను. బాల్యమునుండియు ఆమెకు ముట్టు సరిగా నుండెడిది కాదు. పిట్యూటరీ గ్రంథిలోనో అండకోశములోనో కంతి యుండెనేమోయని నేటి వైద్యులలో కొందరి యూహ. ఒక దేశమంతయు వారసునికై యెదురుచూచుచుండగా ఆ యిల్లాలి శరీరముపై నెంత భారము పడెనో మన మూహింపవచ్చును.

ఇది నటన యని తలంచుట గొప్ప యన్యాయము. బిడ్డకై తీవ్రమైన కోరిక గాని, గర్భమనిన తీవ్రమైన భయము గాని, గర్భస్రావమువలనను శిశుమరణమువలనను గలిగిన దుఃఖము గాని మెదడులోని హార్మోను కేంద్రములపై పనిచేయును. ప్రొలాక్టిను హెచ్చి ముట్టు నాపును, పాలును తెప్పించును. వాయువు, క్రొవ్వు, నడుము వంచి నిలుచుట కలిసి పొట్టను ముందునకు తెచ్చును. మత్తుమందిచ్చిన వెంటనే అట్టి పొట్ట యణగిపోవుటను పూర్వపు వైద్యులే గమనించిరి. ఆమె యనుభవించు వికారము నిజము. ఆమె వేదన నిజము. సంతానమే స్త్రీకి గౌరవమని యెంచు సంఘములలో నీ వ్యాధి యెక్కువగా కనబడుననియు, స్కానింగు అందుబాటులోనికి వచ్చినచోట్ల తగ్గినదనియు వైద్యులు చెప్పుదురు. వ్యాధికి మందు వైద్యుని యొద్ద నున్నను, దాని వేరు కొంతవరకు మన వంటయింటి మాటలలోనే యున్నదని దీనివలన తెలియుచున్నది.

కాబట్టి అత్తలకును అమ్మలకును మా మనవి యొకటి. వైద్యురాలు స్కానింగుతో నిర్ధారణ చేయువరకు ఊరికి చాటకుడు. లేదని తేలిననాడు ‘ఇన్నాళ్లు మమ్ము మోసగించినది’ అను మాట నోట రానీయకుడు. గొడ్రాలను మాట అసలే వలదు. సంతానము లేని జంటలలో సుమారు సగమువరకు పురుషుని లోపమును పాలు పంచుకొనును; పరీక్ష యిరువురికిని కావలెను. స్కానింగు చూపించునప్పుడు భర్త ప్రక్కన నుండవలెను. ఖాళీగా నున్న గర్భాశయమును తెరమీద చూచిన స్త్రీ బిడ్డను పోగొట్టుకొన్న తల్లివలెనే దుఃఖించును. ఆ దుఃఖమునకు కొన్నాళ్లు చోటీయవలెను. మనసు కుదుటపడనిచో మానసిక వైద్యుని చూచుట తప్పు గాదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలిమానసు సేవ ద్వారా తెలుగులోనే సలహా దొరకును.

సోదరీమణులకును ఒక హెచ్చరిక. పరీక్ష లేదన్నదని, ముట్టు రప్పించుటకు అంగడివాడిచ్చు మాత్రలను గాని, నాటుమందులను గాని మ్రింగకుడు. తొందరపడి చేసిన పరీక్ష తప్పి, లోపల గర్భముండినచో అపాయమగును. నాళములో గర్భముండినచో ప్రాణాపాయమే యగును. నెల తప్పిన తేదీని, పరీక్షించిన తేదీలను, కనబడిన లక్షణములను, వాడుచున్న మందులను ఒక కాగితముమీద వ్రాసికొని వైద్యురాలికి చూపుడు. సిగ్గుచేత చెప్పలేని సంగతులనుగూడ ఆ కాగితమే చెప్పును. రెండు పరీక్షలు లేదనియు, మూడు నెలలు ముట్టు లేకయు నున్నచో వైద్యురాలిని చూచుటకు ఇంక నాలస్యము చేయరాదు. గర్భమున్నను లేకున్నను, ఆ లక్షణములు మీ శరీరము చెప్పుచున్న మాటలు. వానిని వినుటయు, వినిపించుకొనుటయు మీ హక్కు.