ఆసుపత్రిలోనే డెలివరీ.. అయినా బిడ్డకు ముర్రుపాలు ఎందుకు లేటవుతున్నాయ్? ఆ తొలి గంట ఎటు పోతోంది?

డెలివరీ గది తలుపు తెరుచుకుంటుంది. గుడ్డలో చుట్టిన బిడ్డని నర్సు తెచ్చి అమ్మమ్మ చేతుల్లో పెడుతుంది. వెంటనే ఫోన్లు బయటికొస్తాయి. ఫొటోలు, వీడియో కాల్స్, పుట్టిన టైమ్ రాసుకోవడం.. ఇంతలో ఎవరో తేనె సీసా తీస్తారు. ఈ హడావుడిలో గంట ఇట్టే గడిచిపోతుంది. బిడ్డ ఇక్కడ, తల్లి అక్కడ. ముర్రుపాలు మాత్రం బిడ్డ నోటికి ఇంకా చేరలేదు.

ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌నే తీసుకుందాం. కర్ణాటక సరిహద్దులో ఉన్న ఈ పట్టణానికి కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద, సిర్గాపూర్ వైపు పల్లెలు, తండాల నుంచి జనం వైద్యానికి వస్తుంటారు. ఒకప్పుడు ఇంట్లోనే పురుళ్లు పోసుకున్న కుటుంబాలు ఇప్పుడు నొప్పులు మొదలవ్వగానే ఆసుపత్రికి బయల్దేరుతున్నాయి. ఇది చాలా మంచి మార్పు. కానీ ఆసుపత్రికి చేరడంతోనే పని అయిపోవట్లేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయ్?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. దేశ సగటు 88.6 శాతమే. ఇక్కడ మనం ముందున్నాం. కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మన రాష్ట్రంలో దాదాపు 37 శాతమే. దేశ సగటు 41.8 శాతం. అంటే డాక్టరు, నర్సు పక్కనే ఉన్నా పది మందిలో ఆరుగురు పిల్లలకు ఆ గంట దాటిపోతోంది.

దీనికి ఒక కారణం సిజేరియన్లు. అదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతంగా తేలాయి. ఆపరేషన్ తర్వాత తల్లి థియేటర్‌లో, బిడ్డ బంధువుల దగ్గర.. ఇద్దరూ కలిసేసరికే గంటలు గడిచిపోతుంటాయి.

గంటకే అంత విలువా?

అవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ రెండూ చెప్పేది ఒకటే.. గంటలోపు పాలు మొదలుపెట్టాలి, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. గంటలోపు పాలు తాగిన పిల్లలతో పోలిస్తే, 2 నుంచి 23 గంటలు ఆలస్యమైన పిల్లల్లో మొదటి నెలలో చనిపోయే ముప్పు 33 శాతం ఎక్కువని యునిసెఫ్ 2018 నివేదిక చెప్పింది. రోజు దాటితే ఆ ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువ.

పుట్టిన మొదటి గంటలో బిడ్డ బాగా మెలకువగా ఉంటుంది. తల్లి ఛాతీపై పడుకోబెడితే తనే నోరు తెరిచి రొమ్ము కోసం వెతుక్కుంటుంది. కాసేపయ్యాక గాఢ నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు లేపి పట్టించడం కష్టం.

చిక్కగా, పసుపు రంగులో వచ్చే ముర్రుపాలలో రోగాలతో పోరాడే పదార్థాలు, విటమిన్ ఏ ఎక్కువగా ఉంటాయి. తల్లికీ లాభమే. బిడ్డ చప్పరిస్తుంటే గర్భసంచి ముడుచుకుని రక్తస్రావం తగ్గుతుంది.

"పాలు పడలేదు" అంటే?

మొదటి రోజు ఎక్కువగా వినిపించే మాట ఇదే. నిజానికి ముర్రుపాలు కొన్ని చుక్కలే వస్తాయి. బిడ్డకి అప్పుడు కావాల్సింది కూడా అంతే.. ఒక్కోసారి చెంచాడు చాలు. పాలు ధారగా పడేది మామూలుగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. అందాకా బిడ్డ ఎన్నిసార్లు చప్పరిస్తే అంత త్వరగా పాలు పడతాయి. డబ్బా పాలు పట్టేస్తే బిడ్డ చప్పరించడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి.

తేనె, పంచదార నీళ్లు, ఆముదం, గాడిద పాలు.. ఇవేవీ వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదకరం కూడా. అందులో ఉండే కొన్ని సూక్ష్మక్రిములు బిడ్డ కండరాలను చచ్చుబడేలా చేయగలవు. పెద్దవాళ్లు ప్రేమతోనే నాకిస్తారు, కాదనలేం. "అమ్మమ్మా, మొదటి రుచి అమ్మపాలే కానిద్దాం" అని ముందే నచ్చజెప్పుకోవాలి.

సిజేరియన్ అయితే ఎలా?

చాలా సిజేరియన్లలో నడుముకి మత్తు ఇస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది. తల్లీబిడ్డా బాగుంటే, నర్సు సాయంతో గంటలోపే పాలు పట్టొచ్చు. తల్లి పక్కకి ఒత్తిగిలి పడుకుని ఇవ్వొచ్చు. లేదా బిడ్డ కాళ్లు కుట్లకి తగలకుండా చంక కింద నుంచి పట్టుకోవచ్చు. పూర్తి మత్తు ఇచ్చి ఉంటే తల్లికి తెలివి రాగానే మొదలుపెట్టాలి.

బిడ్డ బరువు తక్కువై ప్రత్యేక వార్డులో ఉంటే? ముర్రుపాలను చేత్తో పిండి, డాక్టరు చెప్పినట్టు చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టిస్తారు. గంట దాటిపోయినా దిగులుపడొద్దు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

పక్కనే ఉంది ఉదాహరణ

నారాయణఖేడ్ నుంచి పిట్లం మీదుగా వెళ్తే కామారెడ్డి జిల్లా బాన్సువాడ వస్తుంది. అక్కడి ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా గుర్తింపు దక్కింది. అలాంటి గుర్తింపుకి చూసేవి ఇవే.. బిడ్డని వెంటనే తల్లి ఛాతీపై వేయడం, ఇద్దరినీ ఒకేచోట ఉంచడం, అవసరం లేకుండా డబ్బా పాలు ఇవ్వకపోవడం, సిబ్బంది దగ్గరుండి నేర్పించడం. వీటిలో దేనికీ పెద్ద మెషీన్లు అక్కర్లేదు. చిన్న పట్టణంలోనూ సాధ్యమే.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

• తొమ్మిదో నెల చెకప్‌లోనే "బిడ్డని గంటలోపు తల్లి దగ్గర పెడతారా?" అని డాక్టర్ని అడగండి. సిజేరియన్ అయినా ఇదే అడగండి.

• బిడ్డ చేతికి రాగానే ఫొటోల కన్నా ముందు "అమ్మ దగ్గరికి ఎప్పుడు?" అని నర్సుని అడగండి.

• బరువు తూచడం, మామూలు బిడ్డకి స్నానం.. ఇవి ఆగొచ్చు. మొదటి రోజు స్నానం అసలు వద్దు.

• రోజుకి 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా పాలివ్వాలి. అయిదో రోజు నుంచి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

• బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, పచ్చబడుతున్నా, ఊపిరి ఇబ్బందిగా తీస్తున్నా వెంటనే డాక్టర్‌కి చూపించండి.

• ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బిడ్డని చూడటానికి రావాలి. పాలు పట్టడంలో ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

ఇంకో విషయం.. ఆసుపత్రుల్లో డబ్బా పాలను ప్రచారం చేయడం 1992 నాటి చట్టం ప్రకారం నేరం. వైద్య కారణం ఉంటే తప్ప ఎవరైనా డబ్బా రాసిస్తే "ఎందుకు?" అని అడిగే హక్కు మీకుంది.

మీ ఇంట్లో చూలింత ఉంటే ఈ మాట ఆమెకి మాత్రమే కాదు, ఆ రోజు తలుపు బయట నిలబడేవాళ్లకీ చెప్పండి. బిడ్డ మొదట వచ్చేది వాళ్ల చేతుల్లోకే!