కొండ ఎక్కే ముందు కారు గొట్టాలు చూడండి

తిరుత్తణి కొండకు 365 మెట్లున్నా, పిల్లలూ పెద్దలూ ఉంటే మనలో చాలామంది కారులోనే పైకి వెళతాము. నేను కామర్సు చదివిన బ్యాంకు ఉద్యోగిని, మెకానిక్కును కాను. అయినా తిరువళ్ళూరులో బయలుదేరే ముందు అయిదు నిమిషాలు ఈ పరీక్షలు చేస్తాను. మీరూ చేయవచ్చు.

మొదటిది వాసన. ఇంజను చల్లగా ఉండగానే బానెట్ తెరిచి, రబ్బరు గొట్టాలకు పగుళ్ళు, తడి ఉన్నాయేమో చూడండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాత కార్ల గొట్టాలను, వాషర్లను అది త్వరగా పాడుచేయవచ్చు. తేమను కూడా పీల్చుకుంటుంది కనుక బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకండి.

రెండవది శబ్దం. ఇంజెక్షన్ కార్లలో తాళం తిప్పగానే వెనుకవైపు పెట్రోలు పంపు ఒకటి రెండు క్షణాలు సన్నగా మోగుతుంది. వినబడకపోతే ముందు ఫ్యూజు చూడండి. పంపు మోగుతున్నా ఎత్తులో బండి లాగకపోతే, ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు.

అంబాసిడర్ వంటి పాత కార్బురేటరు బండి కత్తిరి ఎండల్లో దారిలో ఆగిపోతే, పెట్రోలు గొట్టంలోనే ఆవిరై అడ్డుపడి ఉండవచ్చు. నీడలో నిలిపి, పంపుపై తడిగుడ్డ వేసి, అరగంట ఆగండి.

ఇంజెక్షన్ కారులో గొట్టం విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. ఇంజను ఆపినా లోపల ఒత్తిడి ఉంటుంది, పెట్రోలు చిమ్ముతుంది. వాసన వస్తుంటే తాళం తిప్పవద్దు, అగ్గిపుల్ల గీయవద్దు. మెకానిక్కును ఇంటికే పిలిపించండి. ఆ రోజుకు దర్శనానికి రైలులో వెళ్ళినా పుణ్యం తగ్గదు.